కోడ్ మారలేదు, బిల్డ్ ఆగిపోయింది: వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఫ్లట్టర్‌లో (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఓఎస్ యాప్‌లు తయారుచేసే పనిముట్టు) రాసిన ఒక యాప్‌ను రెండేళ్ళుగా నేనొక్కడినే చూసుకుంటున్నాను. ఈమధ్య ఆండ్రాయిడ్ స్టూడియోను అప్‌డేట్ చేశాక, కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా, "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అంటూ బిల్డ్ (కోడ్‌ను యాప్‌గా తయారుచేసే పని) ఆగిపోయింది. టెర్మినల్‌లో జావా వెర్షన్ అడిగితే 17 అనే చూపిస్తోంది. ఇంటర్నెట్‌లో దొరికిన సలహాలను ఒకదాని తర్వాత ఒకటి పాటిస్తూ గ్రాడిల్ 7.5ను, ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్ 7.3ను, కొన్ని ప్యాకేజీలను పై వెర్షన్లకు తీసుకెళ్ళాను. ఇప్పుడు "నేమ్‌స్పేస్ నాట్ స్పెసిఫైడ్" అనీ, కోట్లిన్ వెర్షన్ సరిపోలేదనీ కొత్త ఎర్రర్లు వస్తున్నాయి. మ్యాక్‌లో పాడ్ ఇన్‌స్టాల్ కూడా మధ్యలోనే ఆగిపోతోంది. ఎన్నిసార్లు ఫ్లట్టర్ క్లీన్ చేసినా ఫలితం లేదు. దీనికి తోడు, అంతకుముందు ప్లే స్టోర్ ద్వారా పరీక్షకు పంపిన యాప్‌లో గూగుల్ లాగిన్ పనిచేయడం లేదని పరీక్షకులు చెబుతున్నారు. నా డీబగ్ బిల్డ్‌లో అది బాగానే ఉంది. కొత్త ప్రాజెక్టు సృష్టించి కోడంతా అందులోకి ఎక్కించుకోవడమే మేలంటారా?

సమాధానం: కోడంతా కొత్త ప్రాజెక్టులోకి మార్చవలసిన అవసరం లేదు. మీరు రాసిన ఎర్రర్లను వరుసగా చూస్తే, వాటిలో ఒక్కటి కూడా మీరు డార్ట్ భాషలో రాసిన కోడ్‌కు సంబంధించినది కాదు. మీ యాప్‌ను తయారుచేసే పనిముట్లలో ఒకటి ముందుకు జరిగింది, మిగిలినవి ఉన్నచోటే ఉండిపోయాయి. వాటిని కలపడానికి మీరు చేసిన ప్రయత్నాల్లో మరికొన్ని ముందుకు జరగడంతో, మొదట ఒకేచోట ఉన్న పొసగనితనం ఇప్పుడు నాలుగుచోట్ల కనిపిస్తోంది. ఫ్లట్టర్, జేడీకే (జావా పనిముట్ల కట్ట), గ్రాడిల్ (ఆండ్రాయిడ్ బిల్డ్‌ను నడిపేది), ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్ (గ్రాడిల్‌కు ఆండ్రాయిడ్ యాప్ తయారీ నేర్పేది), కోట్లిన్ (ఆండ్రాయిడ్ వైపు వాడే భాష), మీరు వాడుకునే ప్యాకేజీలు, మ్యాక్ వైపు ఎక్స్‌కోడ్ (ఐఓఎస్ యాప్‌లను బిల్డ్ చేసేది), కోకోపాడ్స్ (పాడ్‌లనే ఐఓఎస్ లైబ్రరీలను తెచ్చిపెట్టేది): వీటిలో ఒక్కొక్కటీ తన పక్కనున్నవాటిని ఫలానా వెర్షన్ నుంచి ఫలానా వెర్షన్ దాకా మాత్రమే అంగీకరిస్తుంది. కాబట్టి నా ప్రధానమైన సలహా ఒక్కటే. వీటిలో ఏ రెండింటికి పొసగడం లేదో పేర్లతో సహా చెప్పగలిగేదాకా ఏ ఫైలునూ మార్చకండి.

అయితే మీరు ఇప్పటికే చాలా మార్చారు గనుక ముందు వెనక్కి వెళ్ళాలి. ఇప్పటి మార్పులన్నిటినీ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే పనిముట్టు) ఒక ప్రత్యేకమైన బ్రాంచ్‌గా భద్రపరచి, చివరిసారి సవ్యంగా బిల్డ్ అయిన కమిట్‌కు, అంటే అప్పుడు నమోదైన స్థితికి, తిరిగి వెళ్ళండి. ఆ కమిట్‌లో పబ్‌స్పెక్ లాక్ ఫైలు, పాడ్‌ఫైల్ లాక్ ఫైలు కూడా ఉంటే మీరు అదృష్టవంతులు, ఎందుకంటే ఆనాడు ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉందో తు.చ. తప్పకుండా అవి చెబుతాయి. లాక్ ఫైళ్ళను గిట్‌లో ఉంచకూడదని కొందరు చెప్పే మాట ఇతరులు వాడుకునే లైబ్రరీలకు వర్తించవచ్చు గాని, యాప్‌కు వర్తించదు. యాప్‌కు కావలసిన ప్యాకేజీల జాబితా ఉండే పబ్‌స్పెక్ ఫైలులో టోపీ గుర్తుతో (^) రాసిన వెర్షన్ కొంత పరిధిని మాత్రమే సూచిస్తుంది. లాక్ ఫైలు లేకపోతే అదే కోడ్ ఈరోజు ఒకలా, ఆరు నెలల తర్వాత మరొకలా బిల్డ్ కావచ్చు.

ఆ స్థితికి వెళ్ళాక మీకు మళ్ళీ మొదటి ఎర్రరే కనిపిస్తుంది. అది చాలా స్పష్టమైన ఎర్రర్. కంపైల్ అయిన జావా కోడ్ ఉండే క్లాస్ ఫైలు ప్రతిదాని మొదట్లో ఒక మేజర్ వెర్షన్ సంఖ్య ఉంటుంది. అందులోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. అంటే మీ గ్రాడిల్ జావా 21 మీద నడుస్తోంది. మీ గ్రాడిల్ 7.5కు ఆ జావా తెలియదు. జావా 17 మీద నడవాలంటే గ్రాడిల్ 7.3 అయినా ఉండాలి, 21 మీద నడవాలంటే 8.5 అయినా ఉండాలి. టెర్మినల్ 17 అని చూపిస్తుంటే ఈ 21 ఎక్కడినుంచి వచ్చిందన్నదే మిమ్మల్ని తికమక పెట్టిన విషయం. ఫ్లట్టర్‌కు మీరు విడిగా ఏమీ చెప్పకపోతే, అది టెర్మినల్‌లోని జావాకన్నా ముందు ఆండ్రాయిడ్ స్టూడియో తనతో తెచ్చుకున్న జావాను ఎంచుకుంటుంది. 2024లో వచ్చిన లేడీబగ్ వెర్షన్ నుంచి స్టూడియోతో పాటు జేడీకే 21 వస్తోంది. అందువల్ల మీరు కోడ్ ముట్టుకోకపోయినా బిల్డ్‌కు ఆధారమైన జావా మారిపోయింది.

ఇది నా ఊహగా మిగిలిపోకుండా మీరే నిర్ధారించుకోవచ్చు. ఫ్లట్టర్ డాక్టర్ ఆదేశాన్ని వివరంగా చూపే ఆప్షన్‌తో నడిపితే, ఆండ్రాయిడ్ విభాగంలో జావా బైనరీ ఏ ఫోల్డర్‌లో ఉందో, దాని వెర్షన్ ఏమిటో కనిపిస్తాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని కొంచెం నిదానంగా గమనించండి: ఫ్లట్టర్ ఆదేశం వాడే జావా ఒకటి, స్టూడియోలో ప్రాజెక్టు తెరిచి సింక్ చేసినప్పుడు దాని సెట్టింగుల్లోని గ్రాడిల్ జేడీకే ఒకటి, ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోకి వెళ్ళి గ్రాడిల్ ర్యాపర్‌ను (ప్రాజెక్టుతో పాటు ఉండే, గ్రాడిల్‌ను నడిపే స్క్రిప్ట్) నేరుగా నడిపితే జావా హోమ్ అనే సిస్టమ్ సెట్టింగు చూపే జావా మరొకటి కావచ్చు. ఒకచోట బిల్డ్ అవుతుంది, మరోచోట కాదు అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. ప్రస్తుతానికి ఫ్లట్టర్ కాన్ఫిగ్ ఆదేశంలోని జేడీకే డైరెక్టరీ ఆప్షన్‌తో మీ దగ్గరున్న జేడీకే 17 ఫోల్డర్‌ను చూపించండి, స్టూడియోలోని గ్రాడిల్ జేడీకేను కూడా దానికే మార్చండి. గ్రాడిల్ 7.5, ప్లగిన్ 7.3 రెండూ జావా 17తో పనిచేస్తాయి గనుక మీ పాత ప్రాజెక్టు మళ్ళీ బిల్డ్ అవుతుంది. ఈ సెట్టింగు ఆ కంప్యూటర్‌లోని ఫ్లట్టర్ ప్రాజెక్టులన్నిటికీ వర్తిస్తుందన్నది గుర్తుంచుకోండి.

ఒకవేళ అప్పటికీ కాకపోతే, మీరు అడిగిన కొత్త ప్రాజెక్టు ఇక్కడ పనికొస్తుంది, కాని కోడ్ ఎక్కించడానికి కాదు. పక్కనే ఒక ఖాళీ ఫ్లట్టర్ ప్రాజెక్టును సృష్టించి ఏమీ మార్చకుండా బిల్డ్ చేయండి. అది కూడా ఆగిపోతే లోపం మీ కంప్యూటర్ అమరికలో ఉంది, మీ ప్రాజెక్టులో ఎంత వెతికినా దొరకదు. అది సాఫీగా బిల్డ్ అయితే లోపం మీ ప్రాజెక్టులో ఉంది. అప్పుడు రెండింటి ఆండ్రాయిడ్ ఫోల్డర్లను ఫైలుకు ఫైలు పోల్చి చూడవచ్చు. కొద్ది నిమిషాల్లో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది గనుక మరే ఫైలునూ మార్చేముందే ఈ పరీక్ష చేయమంటాను.

ఇక ఎర్రర్‌ను చదవడం గురించి. "గ్రాడిల్ టాస్క్ అసెంబుల్ డీబగ్ ఫెయిల్డ్ విత్ ఎగ్జిట్ కోడ్ 1" అన్నది ఎర్రర్ కాదు, బిల్డ్ ఆగిపోయిందన్న సమాచారం మాత్రమే. ఎక్స్‌కోడ్‌లో కనిపించే "ఫేజ్ స్క్రిప్ట్ ఎగ్జిక్యూషన్ ఫెయిల్డ్" కూడా అంతే. ఆ చివరి వాక్యాన్ని పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికితే, వంద వేర్వేరు కారణాలతో ఆగిపోయిన బిల్డ్‌లకు సంబంధించిన వంద పరిష్కారాలు దొరుకుతాయి. మీకు జరిగింది బహుశా ఇదే. లాగ్‌లో పైకి వెళ్ళి, "వాట్ వెంట్ రాంగ్" అన్న భాగాన్ని, స్టాక్ ట్రేస్ ఆప్షన్‌తో నడిపితే వచ్చే "కాజ్డ్ బై" వాక్యాల్లో అన్నిటికన్నా కిందనున్నదాన్ని చదవండి. అసలు కారణం సాధారణంగా అక్కడుంటుంది. దానిలో ఏ మాడ్యూల్ పేరు ఉందో చూడండి: అది మీ యాప్ మాడ్యూలా, లేక ఏదైనా ప్యాకేజీదా అన్న ఒక్క విషయం తెలిస్తే, తర్వాత ఏ ఫైలు తెరవాలో తెలుస్తుంది. పసుపు రంగులో వచ్చే "డెప్రికేటెడ్" హెచ్చరికలు కంగారు పెడతాయి గాని, ఈరోజు బిల్డ్ ఆగడానికి అవి కారణం కావు.

జేడీకే 17తో మీ బిల్డ్ నిలదొక్కుకుంటుంది, కాని అక్కడే ఉండిపోవడం కుదరదు. 2025 ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్‌కు పంపే కొత్త యాప్‌లు, అప్‌డేట్‌లు కనీసం ఏపీఐ 35ను (ఆండ్రాయిడ్ 15) టార్గెట్ చేయాలి. దాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలంటే కంపైల్ ఎస్‌డీకే కూడా 35 కావాలి, దానికి ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్ 8.6 అయినా ఉండాలి, ఆ ప్లగిన్‌కు గ్రాడిల్ 8.7 అయినా, జేడీకే 17 అయినా ఉండాలి. ఇలా చివరి అవసరం నుంచి వెనక్కి లెక్కకట్టుకుంటూ వస్తే మీరు చేరవలసిన వెర్షన్లు వాటంతటవే తేలిపోతాయి. గ్రాడిల్ 8.7 జావా 21ను కూడా అంగీకరిస్తుంది గనుక అక్కడికి చేరాక స్టూడియో తెచ్చుకున్న జావాతోనూ మీకు ఇబ్బంది ఉండదు. గ్రాడిల్, ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్, కోట్లిన్ ఈ మూడూ కలిసి ఒక జట్టు. పొంతన పట్టిక చూసుకుని మూడింటినీ కలిపి ఒకే మార్పుగా చేయండి. ప్యాకేజీలను మాత్రం విడిగా, ఒక్కొక్కటిగా పెంచి, ప్రతిసారీ బిల్డ్ చేసి, కుదిరాక కమిట్ చేయండి. చిక్కుపడిన దారం కొసలన్నీ ఒకేసారి లాగితే ముడి బిగుసుకుంటుంది. ఫ్లట్టర్ అనలైజ్ ఆదేశానికి సజెషన్స్ ఆప్షన్ జతచేసి నడిపితే జావా, గ్రాడిల్, ప్లగిన్ వెర్షన్ల మధ్య పొంతన ఉందో లేదో అదే చెబుతుంది. ఇది చాలామందికి తెలియని సౌకర్యం.

ఈ దారిలో మీకు ఇప్పటికే ఎదురైన రెండు ఎర్రర్లు మళ్ళీ వస్తాయి, కాని ఈసారి వాటి అర్థం తెలిసి వస్తాయి. ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్ 8 నుంచి ప్రతి మాడ్యూల్ తన నేమ్‌స్పేస్‌ను తన బిల్డ్ గ్రాడిల్ ఫైలులో ప్రకటించాలి. నేమ్‌స్పేస్ అంటే ఆ మాడ్యూల్‌ను గుర్తించే పేరు. అంతకుముందు దాన్ని మానిఫెస్ట్‌ (ఆ మాడ్యూల్ వివరాలు, అనుమతులు రాసే ఫైలు) లోని ప్యాకేజ్ పేరు నుంచి తీసుకునేవారు. ఈ ఎర్రర్‌లో పేరున్న మాడ్యూల్ సాధారణంగా చాలాకాలంగా ఎవరూ తాజాపరచని ఒక ప్యాకేజీదై ఉంటుంది. దానికి కొత్త వెర్షన్ ఉంటే పెంచండి. లేకపోతే ప్రత్యామ్నాయం వెతకండి. అదీ లేకపోతే దాన్ని మీ గిట్ రిపాజిటరీలోకి తెచ్చుకుని, నేమ్‌స్పేస్ వాక్యం చేర్చి, పబ్‌స్పెక్‌లో ఆ రిపాజిటరీని చూపించండి. పబ్ కాష్ ఫోల్డర్‌లోకి (దించుకున్న ప్యాకేజీలు ఉండే చోటు) వెళ్ళి ఆ ప్యాకేజీ ఫైలును అక్కడికక్కడే దిద్దమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ దిద్దుబాటు మీ గిట్‌లో ఉండదు, మరో కంప్యూటర్‌కు చేరదు, కాష్ తుడిచిననాడు ఆనవాలు లేకుండా పోతుంది, అప్పటికి అక్కడ ఏం మార్చారో మీకే గుర్తుండదు.

కోట్లిన్ ఎర్రర్‌లో "మెటాడేటా వెర్షన్ ఫలానా, ఎక్స్‌పెక్టెడ్ వెర్షన్ ఫలానా" అని రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది ఏదో లైబ్రరీ ఏ కోట్లిన్‌తో తయారైందో చెబుతుంది, రెండోది మీ ప్రాజెక్టులోని కంపైలర్ సంఖ్య. కోట్లిన్ కంపైలర్ తనకన్నా ఒక్క మెట్టు ముందున్న వెర్షన్ దాకా చదవగలదు, ఆపైన చదవలేదు. కాబట్టి మీ ప్రాజెక్టులోని కోట్లిన్ ప్లగిన్ వెర్షన్‌ను పెంచడమే సరైన మార్గం. దీని తర్వాత "ఇన్‌కన్సిస్టెంట్ జేవీఎమ్ టార్గెట్" అన్న ఎర్రర్ కూడా రావచ్చు. జావా కంపైల్ ఆప్షన్లలోని టార్గెట్, కోట్లిన్ ఆప్షన్లలోని జేవీఎమ్ టార్గెట్ ఒకే సంఖ్యగా లేవని దాని అర్థం. రెండింటినీ సమానం చేస్తే చాలు. గ్రాడిల్ నడిచే జావా వేరు, మీ కోడ్ ఏ జావాకు కంపైల్ కావాలన్నది వేరు. జేడీకే 21 మీద నడుస్తూ కూడా టార్గెట్ 11గా ఉండవచ్చు. మొదటి ఎర్రర్ పోవడానికి టార్గెట్‌ను 21 చేయమన్న సలహా ఈ రెంటినీ కలగలిపి ఇచ్చినది.

ఫ్లట్టర్ క్లీన్ సంగతి కూడా చెప్పాలి. అది ప్రాజెక్టులోని బిల్డ్ ఫోల్డర్‌ను, డార్ట్ టూల్ ఫోల్డర్‌ను తొలగిస్తుంది. హోమ్ ఫోల్డర్‌లోని గ్రాడిల్ కాష్‌ను గాని, పబ్ కాష్‌ను గాని ముట్టుకోదు. పాత బిల్డ్ అవశేషాలు మిగిలిపోయినప్పుడు, ఒక బ్రాంచ్ నుంచి మరో బ్రాంచ్‌కు మారినప్పుడు అది నిజంగా ఉపయోగపడుతుంది. వెర్షన్లకు పొసగనప్పుడు దానివల్ల బిల్డ్ ఆలస్యం కావడం తప్ప మరేమీ జరగదు. ఒకసారి క్లీన్ చేశాక అక్షరం పొల్లుపోకుండా అదే ఎర్రర్ వస్తే, కారణం కాష్‌లో లేదని తేలినట్టే.  

మ్యాక్ వైపు ఏ ఎర్రర్ వచ్చిందో మీరు రాయలేదు. కొన్ని ప్యాకేజీలను పెంచాక ఆగిపోయిందన్నారు గనుక, "కుడ్ నాట్ ఫైండ్ కంపాటిబుల్ వెర్షన్స్ ఫర్ పాడ్" అన్నది అయ్యే అవకాశం ఎక్కువ. దాని కింది వాక్యాలను చదివితే మూడింటిలో ఏదో ఒకటి తెలుస్తుంది. ఆ పాడ్‌కు మీరు పెట్టినదానికన్నా ఎక్కువ ఐఓఎస్ కనీస వెర్షన్ కావాలని ఉంటే, ఫ్లట్టర్ ఇచ్చే పాడ్‌ఫైల్‌లో ప్లాట్‌ఫామ్ వాక్యం మొదట్లో కామెంట్‌గా ఉంటుంది గనుక ఆ కామెంట్ గుర్తు తీసేసి సంఖ్య పెంచాలి. ఎక్స్‌కోడ్ ప్రాజెక్టులోని డిప్లాయ్‌మెంట్ టార్గెట్‌ను కూడా దానికి సమానం చేయాలి. పాడ్‌ఫైల్ లాక్ ఒక వెర్షన్ పట్టుకుని ఉండగా ప్యాకేజీ మరొకటి కోరుతుంటే, ఆ ఒక్క పాడ్ పేరుతో పాడ్ అప్‌డేట్ చేయాలి. స్థానికంగా ఉన్న స్పెక్ జాబితా పాతబడిందని ఉంటే రిపో అప్‌డేట్ ఆప్షన్‌తో పాడ్ ఇన్‌స్టాల్ చేయాలి. లాక్ ఫైలును తొలగించేస్తే ఎర్రర్ పోవచ్చు గాని, అన్ని పాడ్‌లూ ఒకేసారి పైకి జరుగుతాయి. ఆ తర్వాత ఏది చెడినా కారణం పట్టుకోవడం కష్టం. యాప్ స్టోర్‌కు పంపేవాటికి కనీస ఎక్స్‌కోడ్ వెర్షన్ ఉంటుంది (2025 ఏప్రిల్ 24 నుంచి అది 16, 2026 ఏప్రిల్ 28 నుంచి 26) గనుక ముందు మీ ఎక్స్‌కోడ్ వెర్షన్ చూసుకోండి. ఎక్స్‌కోడ్‌లో ఎప్పుడూ వర్క్‌స్పేస్ ఫైలునే తెరవండి. ప్రాజెక్టు ఫైలు తెరిస్తే పాడ్‌లు కనిపించక "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అంటుంది.

ఇక గూగుల్ లాగిన్. దీనికి పై చిక్కులతో సంబంధం లేదు, కాబట్టి వాటితో కలపకుండా విడిగా చూడండి. గూగుల్ లాగిన్ మీ యాప్‌ను దాని ప్యాకేజీ పేరుతోనూ, దాన్ని సంతకం చేసిన కీ తాలూకు ఎస్‌హెచ్‌ఏ-1 వేలిముద్రతోనూ గుర్తుపడుతుంది. ఇక్కడ మూడు కీలు ఉంటాయి: మీ కంప్యూటర్‌లోని డీబగ్ కీ, మీరు ప్లే స్టోర్‌కు పంపే బండిల్‌ను సంతకం చేసే అప్‌లోడ్ కీ, ప్లే స్టోర్ ఆ బండిల్ నుంచి ఏపీకేలు (ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే ఫైళ్ళు) తయారుచేసి మళ్ళీ సంతకం చేసే యాప్ సైనింగ్ కీ. పరీక్షకుల ఫోన్‌లోకి వెళ్ళేది ఈ మూడోదానితో సంతకమైన యాప్. మీరు ఫైర్‌బేస్‌లో (లాగిన్ వంటి సేవలిచ్చే గూగుల్ వేదిక) డీబగ్ కీ వేలిముద్ర మాత్రమే నమోదు చేసి ఉంటే, మీ దగ్గర పనిచేసి వాళ్ళ దగ్గర పనిచేయకపోవడం సహజమే. ఆండ్రాయిడ్ ఫోన్ లాగ్‌ను చూపే లాగ్‌క్యాట్‌లో స్టేటస్ కోడ్ 10 కనిపిస్తే దాదాపు ఇదేనని అనుకోవచ్చు. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో ఉన్న వేలిముద్రలు రెండింటినీ ఫైర్‌బేస్ ప్రాజెక్టు సెట్టింగుల్లో చేర్చి, గూగుల్ సర్వీసెస్ జేసన్ ఫైలును మళ్ళీ దించుకుని, కొత్త బిల్డ్ పంపండి.

లాగిన్ మాత్రమే కాక నెట్‌వర్క్‌తో పనిచేసేవేవీ రిలీజ్‌లో కదలడం లేదంటే, ఇంటర్నెట్ అనుమతిని చూడండి. ఫ్లట్టర్ సృష్టించే ప్రాజెక్టులో ఆ అనుమతి డీబగ్, ప్రొఫైల్ మానిఫెస్ట్‌లలో ఉంటుంది, ప్రధాన మానిఫెస్ట్‌లో ఉండదు. ఏదైనా ప్యాకేజీ తన మానిఫెస్ట్‌లో దాన్ని కోరితే అది మీ యాప్‌లోకి వచ్చి చేరుతుంది, ఆ ప్యాకేజీ తీసేసిననాడు ఆ అనుమతీ పోతుంది. అందుకని ప్రధాన మానిఫెస్ట్‌లో మీరే రాసుకోండి. అదీ సరిగ్గా ఉండి, క్రాష్ ట్రేస్‌లో ఒక్కొక్క అక్షరంతో పేర్లున్న క్లాసులు కనిపిస్తే, రిలీజ్ బిల్డ్‌లో కోడ్‌ను కుదించే ఆర్8 అనే పనిముట్టు రిఫ్లెక్షన్ ద్వారా (యాప్ నడుస్తున్నప్పుడు పేరుతో వెతికి) వాడే ఏదో క్లాసును తొలగించి ఉండవచ్చు. కుదింపును, రిసోర్సుల తొలగింపును తాత్కాలికంగా ఆపి రిలీజ్ బిల్డ్ చేసి చూడండి. అప్పుడు పనిచేస్తే, ఆ ప్యాకేజీ తన సూచనల్లో చెప్పిన కీప్ నియమాలను (ఏ క్లాసులను తొలగించకూడదో చెప్పేవి) ప్రోగార్డ్ ఫైలులో చేర్చి, కుదింపును తిరిగి ప్రారంభించండి.

ఇవన్నీ చూశాక కూడా ఏదైనా మిగిలిపోతే తప్పకుండా మళ్ళీ రాయండి. ఆ ఉత్తరంతో పాటు ఫ్లట్టర్ డాక్టర్ ఇచ్చిన పూర్తి వివరాలు, గ్రాడిల్ ర్యాపర్ ప్రాపర్టీస్ ఫైలు, లాగ్‌లో మొదటి ఎర్రర్ దగ్గర్నుంచి చివరిదాకా ఉన్న భాగం, పాడ్ ఇన్‌స్టాల్ చూపించిన సందేశం కోత లేకుండా జతచేయండి. కీస్టోర్ ఫైలును, దాని పాస్‌వర్డ్‌లను మాత్రం ఎవరికీ పంపకండి.